‘చర్య’ అంటే ఏ చర్య? క్రికెట్ నియమావళి పుస్తకంపై ఒక అంపైర్ సమీక్ష

క్రికెట్ ఆట నియమాలన్నిటినీ ఒకచోట కూర్చిన పుస్తకాన్ని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్, అంటే మనం ఎంసీసీ అని పిలుచుకునే సంస్థ ప్రచురిస్తుంది. 1787లో ఏర్పడిన ఆ క్లబ్ మరుసటి ఏడాదే తన తొలి నియమావళిని ప్రకటించింది. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది 2017 అక్టోబరు 1న అమలులోకి వచ్చి, 2019లోను 2022లోను సవరణలు పొందిన నియమావళి మూడో కూర్పును. ఇందులో ఆట స్ఫూర్తిని గురించిన పీఠిక, 42 నిబంధనలు, చివర కొన్ని అనుబంధాలు ఉన్నాయి. చిన్న పుస్తకంగా దొరుకుతుంది; క్లబ్ వెబ్‌సైట్లో ఉచితంగా చదువుకోవచ్చు, ఫోన్ యాప్‌గా కూడా ఉంది. ఔత్సాహిక జట్ల పోటీలకు అంపైర్‌గా నిలబడే నాబోటివాళ్లకు ఇది పనిముట్టు వంటిది. వడ్రంగి తన ఉలిని ఎలా పరీక్షిస్తాడో అలాగే, అంటే ఎక్కడ తెగుతోంది, ఎక్కడ జారుతోంది అన్న దృష్టితోనే దీన్ని పరీక్షించదలచుకున్నాను.

మా మ్యాచ్‌లకు టీవీ రీప్లే ఉండదు, మూడో అంపైర్ ఉండడు. నిర్ణయానికి దొరికే సమయం రెండు మూడు క్షణాలు. పుస్తకంలోని మాట ఏదైనా రెండు అర్థాలిస్తే, ఆ రెండిట్లో ఒకదాన్ని ఎంచుకునే తీరిక అంపైర్‌కు ఉండదు. పద్యంలో అన్వయ క్లేశం ఉంటే వ్యాఖ్యాత ఒక పూట కూర్చుని తీరుస్తాడు; నిబంధనలో అన్వయ క్లేశం ఉంటే ఇరవై ఇద్దరు ఆటగాళ్లు, ఇద్దరు స్కోరర్లు చూస్తూ ఉండగా నిలబడి తీర్చాలి. అందువల్ల ఈ పుస్తకంలోని కాగితం, అచ్చు, ముఖచిత్రం వంటివి నాకు ముఖ్యం కాదు. వాక్యాలే ముఖ్యం.

మెచ్చుకోవలసినవాటిని ముందు చెబుతాను. కొలతలకు లొంగే విషయాలన్నిటినీ ఈ పుస్తకం కొలతలతోనే చెప్పింది. పిచ్ పొడవు 20.12 మీటర్లు, వెడల్పు 3.05 మీటర్లు. బంతి బరువు 155.9 గ్రాములకు తగ్గకూడదు, 163 గ్రాములకు మించకూడదు. బ్యాట్ వెడల్పు 108 మిల్లీమీటర్లు దాటరాదన్నది పాత మాటే కాగా, దాని మందం 67, అంచు 40 మిల్లీమీటర్లు దాటరాదని 2017లో కొత్తగా చేర్చారు. వీటి మీద వాదన అంటూ జరిగితే కొలబద్ద తెచ్చి ముగించవచ్చు. కొలత లేనిచోట కూడా కొన్ని వాక్యాలు అంతే నిక్కచ్చిగా ఉన్నాయి. వికెట్‌కు కాలు అడ్డుపడితే ఇచ్చే ఎల్బీడబ్ల్యూ అవుట్ నిబంధనలో ఆఫ్ సైడ్ (బ్యాటర్ ఎదుట ఉండే పక్క) ఏదో తేల్చవలసి వచ్చినప్పుడు, బంతి ఆటలోకి వచ్చిన క్షణంలో స్ట్రైకర్, అంటే బంతిని ఎదుర్కొనే బ్యాటర్, ఎలా నిలుచున్నాడో దాన్ని బట్టే తేల్చాలని 36.3 చెబుతుంది. బౌలర్ పరుగు మొదలుపెట్టాక బ్యాటర్ చేతులు మార్చుకున్నా, అటు తిరిగి ఇటు నిలుచున్నా ఆఫ్ సైడ్ మారదు. స్విచ్ హిట్ అనే చిక్కుముడిని ఒక్క వాక్యంతో విప్పిన తీరు నాకు చాలా ఇష్టం. అలాగే క్రీజు లోపల ఒకసారి ఆనిన బ్యాట్, పరుగు వేగంలో ఎగిరి గాల్లో ఉన్నప్పుడు బెయిల్స్ (స్టంపుల మీద పెట్టే చిన్న కర్రలు) పడితే అవుటివ్వడమనే అన్యాయాన్ని కూడా 2017 నియమావళి 30వ నిబంధనలో స్పష్టంగా తొలగించింది.

ఇప్పుడు జారే చోటికి వస్తాను. ఓవర్‌త్రో, అంటే గురి తప్పి అవతలికి పోయిన త్రో, బౌండరీకి వెళ్లినప్పుడు ఎన్ని పరుగులివ్వాలో చెప్పే 19.8 నిబంధన ఈ పుస్తకంలోకెల్లా పేరుమోసిన వాక్యం. దాని భావం ఇది: ఓవర్‌త్రో వల్లగాని, ఫీల్డర్ ఉద్దేశపూర్వకంగా చేసిన చర్య వల్లగాని బంతి బౌండరీ దాటితే, జరిమానా పరుగులేవైనా ఉంటే అవి, బౌండరీ పరుగులు, బ్యాటర్లు అప్పటికి పూర్తి చేసిన పరుగులు లెక్కకు వస్తాయి; వాటితోపాటు, విసిరిన క్షణానికి లేదా చర్య జరిగిన క్షణానికి బ్యాటర్లు ఒకరినొకరు దాటి ఉంటే, నడుస్తున్న పరుగు కూడా వస్తుంది.

2019 జులై 14న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ చివరి ఓవర్లో ఈ వాక్యం లోకమంతటికీ తెలిసింది. ఇంగ్లండ్‌కు 3 బంతుల్లో 9 పరుగులు కావాలి. ఇంగ్లండ్ బ్యాటర్ స్టోక్స్ రెండో పరుగు కోసం డైవ్ చేస్తుండగా న్యూజిలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన బంతి స్టోక్స్ బ్యాట్‌కు తగిలి బౌండరీ దాటింది. అంపైర్లు 6 పరుగులిచ్చారు. అయితే గప్టిల్ బంతిని విసిరిన క్షణానికి స్టోక్స్, అతని జోడీ రషీద్ రెండో పరుగులో ఇంకా ఒకరినొకరు దాటలేదు. కాబట్టి 5 పరుగులే రావాలని, ఆ తర్వాతి బంతిని రషీద్ ఎదుర్కోవలసిందని మాజీ అంపైర్ సైమన్ టోఫెల్ చెప్పాడు. నిర్ణయం ప్రకటించిన కుమార ధర్మసేన తన పొరపాటును తర్వాత ఒప్పుకున్నాడు. మ్యాచ్ 241 పరుగుల వద్ద సమమైంది, సూపర్ ఓవర్ కూడా 15 పరుగుల వద్ద సమమైంది, చివరికి బౌండరీల లెక్కతో ఇంగ్లండ్ గెలిచింది. ఒక్క పరుగు ఎంత బరువైనదో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఆ సంఘటన తర్వాత రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ‘విసిరిన క్షణం’ అని స్పష్టంగా ఉంది కదా, ఇందులో వాదన ఏమిటని ఒక వర్గం అడిగింది. ‘లేదా చర్య’ అన్న మాటను పట్టుకుని, బంతి దారి మళ్లింది బ్యాట్‌కు తగిలినప్పుడు కాబట్టి ఆ తగలడమే చర్య అని, అప్పటికి బ్యాటర్లు దాటేశారు కాబట్టి 6 పరుగులే సరి అని రెండో వర్గం వాదించింది. ఎంసీసీకి చెందిన ప్రపంచ క్రికెట్ కమిటీ ఆ ఏడాది ఆగస్టులో చర్చించి, నిబంధన స్పష్టంగానే ఉందని భావిస్తున్నామంటూనే, సెప్టెంబరులో నియమాల ఉపసంఘం దాన్ని పరిశీలిస్తుందని కూడా ప్రకటించింది. స్పష్టంగా ఉన్నదాన్ని పరిశీలించడం ఎందుకని నేను అడగను. చదివినవాళ్లు రెండుగా చీలిపోయాక, రాసినవాళ్ల మనసులో అది స్పష్టంగా ఉండడం వల్ల ఒరిగేదేమీ లేదు.

వాక్యాన్ని పదాలవారీగా విడదీస్తే తప్పు ఎక్కడుందో కనబడుతుంది. మొదటి భాగంలో ‘ఓవర్‌త్రో’, ‘ఫీల్డర్ ఉద్దేశపూర్వక చర్య’ అని రెండు కారణాలున్నాయి. చివరి భాగంలో వాటికి జతగా ‘విసిరిన క్షణం’, ‘చర్య జరిగిన క్షణం’ అని రెండు క్షణాలున్నాయి. వరసగా జత కలిపితే మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది. సంస్కృత వ్యాకరణంలో దీన్ని యథాసంఖ్యం అంటారు. రాసినవారి ఉద్దేశం నిస్సందేహంగా అదే. కాని చివరి భాగానికి వచ్చేసరికి ‘ఫీల్డర్’, ‘ఉద్దేశపూర్వక’ అన్న రెండు విశేషణాలూ రాలిపోయాయి. ‘చర్య’ ఒంటరిగా మిగిలింది. ఒంటరిగా మిగిలిన మాటను ఎవరికి కావలసిన వైపు వాళ్లు లాక్కుపోతారు.

ఫైనల్ సంగతి అలా ఉంచితే, ఇదే వాక్యం నన్నూ ఒకసారి ఇరుకున పెట్టింది. ఒక మ్యాచ్‌లో మైదానం అంచు వైపు నుంచి వచ్చిన త్రో స్టంపులను తప్పి అవతలికి పోయింది. వెనక కాపు కాస్తున్న ఫీల్డర్ వెంటపడి కాలు అడ్డం పెట్టబోయాడు. బంతి అతని కాలికి తగిలి, ఇంకా వేగం పుంజుకుని, బౌండరీ దాటింది. త్రో విసిరినప్పుడు బ్యాటర్లు రెండో పరుగులో ఒకరినొకరు దాటలేదు, కాలికి తగిలేటప్పటికి దాటారు. నేను విసిరిన క్షణాన్నే లెక్కలోకి తీసుకుని 5 పరుగులకు సంకేతమిచ్చాను. బ్యాటింగ్ జట్టు నాయకుడు ఫోన్‌లో ఈ పుస్తకమే తెరిచి నా దగ్గరికి వచ్చాడు. ‘చర్య జరిగిన క్షణం అని ఉంది కదా సార్, కాలు పెట్టడం చర్య కాదా?’ అని చాలా మర్యాదగా అడిగాడు. కాలు పెట్టింది బంతిని ఆపడానికేగాని తన్నడానికి కాదు కాబట్టి అది ఉద్దేశపూర్వక చర్య కాదని చెప్పాను. ‘ఇక్కడ ఉద్దేశపూర్వకమని లేదు కదా’ అని అతను అదే వాక్యం చివరి భాగాన్ని చూపించాడు. అక్షరాలా చూస్తే అతను చెప్పింది నిజమే. నా నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను, కాని ఆ నమ్మకాన్ని పుస్తకంలో వేలుపెట్టి చూపించలేకపోయాను. ‘విసిరిన క్షణానికి, లేదా ఫీల్డర్ ఆ ఉద్దేశపూర్వక చర్య చేసిన క్షణానికి’ అని రాసి ఉంటే ఆ సంభాషణే ఉండేది కాదు.

నాన్‌స్ట్రైకర్‌ను, అంటే బౌలర్ వైపు నిలబడే బ్యాటర్‌ను, బౌలర్ రనౌట్ చేసే 38.3 నిబంధన చరిత్ర దీనికి భిన్నం. చెప్పుకోవలసిన చరిత్ర కూడా. 1947లో భారత బౌలర్ వినూ మన్కడ్ ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ను ఇలా అవుట్ చేసినప్పటి నుంచి ఈ తరహా అవుట్‌కు మన్కడ్ పేరే స్థిరపడిపోయింది. 2022 వరకు ఇది అనుచిత ఆటకు సంబంధించిన 41వ నిబంధనలో ఉండేది. అవుట్ చేసినవాడు నియమం ప్రకారమే చేసినా, ఆ శీర్షిక కింద ఉండడం వల్ల ఏదో తప్పు చేసినట్టు కనిపించేవాడు. మూడో కూర్పులో దాన్ని రనౌట్ నిబంధన కిందికి మార్చారు. అక్షరం మారకుండా చోటు మారినంత మాత్రాన అర్థం ఎంత మారుతుందో చెప్పడానికి ఇదొక మంచి ఉదాహరణ.

కాని చోటు మార్చినప్పుడు వాక్యాన్ని సరిచూడలేదు. బంతి ఆటలోకి వచ్చినప్పటి నుంచి బౌలర్ మామూలుగా బంతిని వదులుతాడని అనుకునే క్షణం వరకు ఎప్పుడైనా నాన్‌స్ట్రైకర్ క్రీజు బయట ఉంటే అతను రనౌట్‌కు గురికావచ్చు అన్నది దాని సారాంశం. రెండు ప్రశ్నలకు ఇందులో జవాబు లేదు. ‘మామూలుగా వదులుతాడని అనుకునే క్షణం’ ఏది, అలా అనుకునేది ఎవరు అన్నది మొదటి ప్రశ్న. ఆ గడువు వర్తించేది నాన్‌స్ట్రైకర్ బయటికి రావడానికా, బౌలర్ స్టంపులు కొట్టడానికా అన్నది రెండోది, దానికంటే లోతైనది. వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే, గడువు లోపల ఒక్క అడుగు బయట పెట్టినవాణ్ని బౌలర్ తన చేయి పూర్తిగా తిప్పేసి, తాపీగా వెనక్కి తిరిగి వచ్చి అవుట్ చేయవచ్చనిపిస్తుంది.

2023 జనవరి 3న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా టీ20 లీగ్ అయిన బిగ్ బ్యాష్ మ్యాచ్ ఆడుతూ బౌలర్ ఆడమ్ జంపా దాదాపు అదే చేశాడు. అతని చేయి పైకి లేచి నిలువు గీత దాటాక ఆగి, వెనక్కి తిరిగి నాన్‌స్ట్రైకర్ టామ్ రోజర్స్ వైపు బెయిల్స్ పడగొట్టాడు. మూడో అంపైర్ నాటౌట్ అన్నాడు. ఎంసీసీ ఆ నిర్ణయాన్ని సమర్థించింది. అక్కడితో ఆగకుండా, పదాల అమరికలో సందిగ్ధత ఉన్నమాట నిజమేనని ఒప్పుకుని, అదే నెల 19న వాక్యాన్ని తిరగరాసింది. కొత్త పాఠంలో గడువు నాన్‌స్ట్రైకర్ అవుట్ కాగలిగే కాలానికి వర్తిస్తుందని తేటతెల్లంగా ఉంది. బంతి వదిలే క్షణమంటే బౌలర్ చేయి తన మామూలు బౌలింగ్ తీరులో అత్యున్నత స్థానానికి చేరిన క్షణమని నిర్వచనం కూడా ఇచ్చారు. ఆ క్షణం దాటాక, నాన్‌స్ట్రైకర్ అంతకుముందే బయటికి వచ్చి ఉన్నా సరే, ఈ నిబంధన కింద రనౌట్ చేయడం కుదరదని వేరే వాక్యంలో మళ్లీ చెప్పారు. ఇలా మళ్లీ చెప్పడం పునరుక్తి దోషమని సాహిత్యంలో అంటారేమోగాని, నియమావళిలో అది గుణమే. పదహారు రోజుల్లో తప్పు ఒప్పుకుని దిద్దుకున్న ఈ తీరు 19.8 విషయంలో ఎందుకు కనబడలేదో నాకు అంతుబట్టదు.

బౌండరీ దగ్గర పట్టే క్యాచ్ గురించిన 19.5.2 లోపం ఇంకో రకం. ఇక్కడ వాక్యంలో సందిగ్ధత ఏమీ లేదు, మరీ స్పష్టంగా ఉండడమే చిక్కయింది. గాల్లో ఉన్న ఫీల్డర్ బంతిని మొదటిసారి తాకడానికి ముందు అతని కాళ్లు చివరిసారిగా నేలను తాకింది బౌండరీ లోపలేనా అన్నదే ఆ నిబంధన అడిగిన ప్రశ్న. మొదటిసారి మాత్రమే. రెండోసారి, మూడోసారి తాకేటప్పుడు అతను బౌండరీ బయటి నేల మీది నుంచి ఎగిరినా అభ్యంతరం లేదు. 2023 జనవరి 1న బ్రిస్బేన్‌లో బిగ్ బ్యాష్ మ్యాచ్‌లోనే ఫీల్డర్ మైకేల్ నీసర్ ఈ సందులోంచే దూరాడు: బంతిని లోపల అందుకుని పైకి విసిరి, బయటికి వెళ్లి, అక్కడ గాల్లోకి గెంతి బంతిని మళ్లీ లోపలికి తోసి, తిరిగి వచ్చి పట్టుకున్నాడు. చూసినవాళ్లలో సగం మంది కళ్లు నులుముకున్నారు. నియమం ప్రకారం అది నిక్షేపమైన క్యాచ్. 2025లో ఎంసీసీ దీన్ని మార్చాలని నిర్ణయించింది. బౌండరీ బయటికి వెళ్లిన ఫీల్డర్ గాల్లో ఉండి బంతిని ఒక్కసారే తాకవచ్చని, ఆ తర్వాత అతను లోపలే దిగాలని కొత్త పాఠం. అంతర్జాతీయ మ్యాచ్‌లకు ఆ ఏడాది జూన్ నుంచి, నియమావళిలో 2026 అక్టోబరు నుంచి అమలు. ‘మొదటి’ అన్న ఒక్క మాట ఎంత ద్వారం తెరిచిందో చూడండి.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించే మాట మాత్రం ‘మామూలు’. వైడ్ బంతిని నిర్వచించే 22వ నిబంధనలో ఇది తిష్ఠ వేసుకుని ఉంది. మామూలు క్రికెట్ షాట్‌తో బ్యాట్‌కు అందేంత దగ్గరగా బంతి రాకపోతే వైడ్ అంటుంది. స్ట్రైకర్ మామూలుగా నిలబడే స్థానం నుంచి చూసినా దూరంగా పోయి ఉండాలని అంటుంది. మామూలు షాట్ అంటే ఏది? వెనక్కి తిరిగి కీపర్ తల మీదుగా లేపే షాట్లను రోజూ సాధన చేసే తరంలో మామూలుకు హద్దు ఎక్కడ గీయాలి? మూడో కూర్పులో ఈ నిబంధనకు కొంత మేలు చేశారు. బంతి ఆటలోకి వచ్చినప్పటి నుంచి స్ట్రైకర్ ఏ చోట నిలబడి ఉన్నా, ఆ చోటు నుంచి దూరంగా పోయిందా అని చూడమన్నారు. దాంతో బ్యాటర్ అటూ ఇటూ కదిలి బౌలర్‌ను తికమకపెట్టి వైడ్ సంపాదించే అన్యాయం తగ్గింది. ‘మామూలు’ మాత్రం కదల్లేదు. ఇదే కోవలో నో బాల్ తేల్చడానికి వాడే నడుము ఎత్తు నిర్వచనం ఉంది: బ్యాటర్ నిటారుగా నిలుచున్నప్పుడు ప్యాంటు పైఅంచు సంప్రదాయంగా ఉండే చోటు నడుము అట. ఫ్యాషన్ మారితే నో బాల్ మారుతుందేమోనని మా మిత్రబృందంలో నవ్వుకుంటాం. ‘సంప్రదాయంగా’ అని వేసింది ఆ భయంతోనే కాబోలు.

ఇన్ని ఫిర్యాదులు విన్న పాఠకుడు, అంపైర్ విచక్షణకు వదిలిన ప్రతి మాటా నాకు గిట్టదనుకోవచ్చు. అలా కాదు. విచక్షణకు వదులుతున్నామని బాహాటంగా చెప్పిన వాక్యాలే ఈ పుస్తకంలో మేలైనవి. వెలుతురు, వాతావరణం, మైదానం గురించి చెప్పే 2.7 నిబంధన చూడండి. ఆటగాడికో అంపైర్‌కో నిజంగా ఊహించదగిన ముప్పు ఉంటే పరిస్థితి ప్రమాదకరమని, ముప్పు లేకపోయినా ఆట సాగించడం వివేకం అనిపించుకోనప్పుడు అసమంజసమని అంటుంది. ‘వివేకం’ అన్న మాటను కొలవలేం, అది కొలవగలిగినట్టు పుస్తకం నటించనూ లేదు. తేల్చే బాధ్యత అంపైర్లదేనని పేరుపెట్టి చెప్పింది. తడిసిన అవుట్‌ఫీల్డ్ మీద నాయకులిద్దరూ చెరోవైపు లాగుతున్నప్పుడు నాకు ఈ వాక్యం గట్టి ఊతం. షార్ట్ పిచ్ బంతుల ప్రమాదాన్ని స్ట్రైకర్ నైపుణ్యాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని అంచనా వేయమన్న 41.6 కూడా అంతే. పదకొండో స్థానంలో వచ్చిన కుర్రాడికీ ఓపెనర్‌కూ ఒకే కొలత పెట్టడం కంటే ఇది న్యాయం.

డెడ్ బాల్‌ను నిర్వచించే 20వ నిబంధనను కూడా నేను ఈ మంచి జాబితాలోనే చేరుస్తాను. చాలామంది నాతో ఏకీభవించరని తెలుసు. ఫీల్డింగ్ జట్టు, ఇద్దరు బ్యాటర్లు బంతి ఇక ఆటలో లేదని భావిస్తున్నట్టు బౌలర్ వైపు అంపైర్‌కు స్పష్టమైనప్పుడు బంతి డెడ్ అవుతుంది. 2023 జులై 2న లార్డ్స్ టెస్టులో ఓవర్ అయిపోయిందనుకుని క్రీజు వదిలి నడిచిన ఇంగ్లండ్ బ్యాటర్ బెయిర్‌స్టోను ఆస్ట్రేలియా కీపర్ అలెక్స్ కేరీ స్టంపవుట్ చేసినప్పుడు నిబంధన అస్పష్టంగా ఉందన్న గోల చెలరేగింది. కాని వాక్యంలో ఉన్నది ‘ఫీల్డింగ్ జట్టు మరియు బ్యాటర్లు’. ఇరుపక్షాలూ ఆట ఆగిందనుకోవాలి. బెయిర్‌స్టో ఒక్కడూ అనుకుంటే చాలదు. కేరీ బంతిని అందుకున్న వెంటనే విసిరాడు కాబట్టి ఫీల్డింగ్ జట్టు అనుకోలేదన్నది ప్రత్యక్షంగానే తెలుస్తోంది. అవుట్ నచ్చకపోవడం వేరు, వాక్యం అర్థం కాకపోవడం వేరు. ఆ గొడవంతా మొదటి రకం. దానికి ముందురోజే, అదే మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఫీల్డర్ స్టార్క్ పట్టిన డకెట్ క్యాచ్‌ను నాటౌట్ అన్నప్పుడు కూడా అంతే: బంతి మీద, తన కదలిక మీద పూర్తి అదుపు వచ్చేదాకా క్యాచ్ పూర్తికాదని 33.3 చెబుతోంది, జారుతున్న స్టార్క్ బంతిని నేలకు ఆనించాడు.

దీన్ని బట్టి నాకు తోచిన తేడా ఇది. ‘అంపైర్ అభిప్రాయంలో’ అన్న వాక్యం తన అస్పష్టతను తానే ఒప్పుకుని, దాన్ని ఎవరు తీర్చాలో చెబుతుంది. ‘మామూలుగా’, ‘చర్య’ వంటి మాటలు కొలబద్ద వేషం వేసుకుని వస్తాయి. ఎవరు తీర్చాలో చెప్పవు. ఆటగాడు నాతో వాదించేది ఎప్పుడూ రెండో రకం వాక్యాల మీదే. మొదటి రకానికి నన్ను తిట్టుకుంటాడేమోగాని పుస్తకం తెరిచి చూపించడు.

ఫీల్డర్ మోసపు చేష్టలను నిషేధించే 41.5 మధ్యరకం. 2021 ఏప్రిల్ 4న జొహానెస్‌బర్గ్‌లో పాకిస్తాన్ బ్యాటర్ ఫఖర్ జమాన్ 193 పరుగుల వద్ద రనౌటైనప్పుడు, దక్షిణాఫ్రికా కీపర్ డికాక్ చేసిన సైగ అతన్ని మోసగించడానికేనా అన్న చర్చ చాలారోజులు నడిచింది. అంపైర్లు 5 పరుగుల జరిమానా వేయలేదు. నిబంధనలో ‘ఉద్దేశపూర్వకంగా’ అని ఉంది కాబట్టి ఎదుటివాడి మనసు చదవాలి. అది ఏ పుస్తకమూ నేర్పలేని విద్య. కొత్త బ్యాటర్ ఆలస్యం చేస్తే ఇచ్చే టైమ్‌డ్ అవుట్ గురించిన 40.1 మాత్రం నేను అనుకున్నదానికంటే గట్టిది. 2023 నవంబరు 6న ఢిల్లీలో శ్రీలంక బ్యాటర్ ఏంజెలో మాథ్యూస్ హెల్మెట్ పట్టీ తెగి ఆలస్యమైనప్పుడు, సమయానికి క్రీజులోకి వచ్చేశాను కదా అన్నది అతని వాదన. నిబంధన కోరేది క్రీజులోకి రావడం కాదు, బంతిని ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉండడం. నియమావళిలో అందుకు 3 నిమిషాలు, ఆ టోర్నమెంటు షరతుల్లో 2 నిమిషాలు.

పుస్తకం అమరిక గురించి రెండు మాటలు. నిర్వచనాలన్నీ చివర అనుబంధంలో పెట్టారు, నిబంధన చదువుతూ మాటిమాటికీ వెనక పేజీలకు వెళ్లిరావాలి. ప్రతి వాక్యంలోనూ ‘అతని/ఆమె’ అన్న జంట ఎదురవుతూ ఉంటుంది. ఉద్దేశం మంచిదే, ‘బ్యాట్స్‌మన్’ను తీసి ‘బ్యాటర్’ను తెచ్చినప్పుడు చూపిన నేర్పు ఇక్కడ కూడా చూపి ఉంటే వాక్యాలు ఇంత కుంటేవి కావు. అచ్చు పుస్తకానికి ఇంకో ఇబ్బంది ఉంది: 2022లో అచ్చైన ప్రతిలో 38.3 పాత పాఠమే ఉంటుంది, 2023 జనవరి సవరణ ఉండదు. కాబట్టి జేబులో అచ్చు ప్రతి పెట్టుకుని వెళ్లేవాళ్లు ముందుగా వెబ్‌సైట్లోని పాఠంతో పోల్చుకుని సవరణలు రాసుకోవడం తప్పనిసరి. వెతకడానికి యాప్ సులువే, కాని మార్జిన్‌లో రాసుకోవడానికి కాగితానికి సాటి రాదు.

కొత్తగా అంపైరింగ్ మొదలుపెట్టేవారు దీన్ని మొదటి పేజీ నుంచి వరసగా చదవవద్దని నా సలహా. ముందు 20, 31 (అప్పీళ్లు), 36, 38 నిబంధనలు చదివి, ఒక మ్యాచ్‌కు నిలబడి, తిరిగివచ్చి మళ్లీ చదవాలి. ఒంటరిగా కంటే ఇద్దరు ముగ్గురు కలిసి చదవడం మేలు; ఒకరికి తట్టని అర్థం ఇంకొకరికి తడుతుంది, ఆ రెండో అర్థమే మైదానంలో ఎదురయ్యేది. ఐదుకు నాలుగు మార్కులిస్తాను. తగ్గించిన ఒక్క మార్కులో సగం వైడ్ నిబంధనలోని ‘మామూలు’కు, మిగతా సగం 19.8కు. నా ప్రతిలో ఆ 19.8 పక్కన, చివరి భాగంలోని ‘చర్య’ కింద రెండు గీతలు గీసి, రాలిపోయిన రెండు విశేషణాలను పెన్సిల్‌తో తిరిగి రాసిపెట్టుకున్నాను. కొత్త కూర్పు చేతికి రాగానే మొదట తెరిచేది ఆ పేజీయే.